క్లాసు టైమంతా నోట్సుకే పోతోందా? వీడియో పాఠాలు వచ్చాక కాలేజీ గంటను ఎలా వాడుకోవాలి?

మోస్రా నుంచి డిగ్రీ చదువుకు వెళ్లాలంటే పొద్దున్నే బస్సు పట్టుకోవాలి. కొందరు బోధన్‌కు వెళ్తారు, కొందరు నిజామాబాద్‌కు, ఇంకొందరు బాన్సువాడకు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మాయిలకు టికెట్ ఖర్చు లేదు. కానీ ప్రయాణానికి పట్టే సమయం మాత్రం తగ్గలేదు.

అంత దూరం వెళ్లి క్లాసులో కూర్చున్నాక లెక్చరర్ "రాసుకోండి" అంటూ చదవడం మొదలుపెడితే? పక్క షాపులో గైడు రూపంలో, చేతిలోని ఫోన్‌లో పీడీఎఫ్ రూపంలో ఉన్నదాన్నే మళ్లీ చేత్తో రాసుకోవడం కోసం పొద్దున్నే లేచి వచ్చినట్టవుతుంది. అర్థం కానిది మాత్రం అర్థం కాకుండానే ఇంటికి తిరిగొస్తుంది.

కాలేజీల్లో టెక్నాలజీ అనగానే ప్రొజెక్టర్, స్మార్ట్ బోర్డు, యాప్‌ల గురించి మాట్లాడుకుంటాం. అవి ఉన్నాయా లేవా అన్నదాని కంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది: అవి వచ్చాక క్లాసు గంటలో ఏం మారింది? వీడియోలో దొరికే పనిని వీడియోకు అప్పగించి, లెక్చరర్ ఎదురుగా ఉన్నప్పుడే జరిగే పనికి ఆ గంటను మిగల్చగలిగామా? ఆ మార్పు ఎలా సాధ్యం, దానికి ఉచితంగా దొరికే ప్రభుత్వ సేవలు ఏమిటి, మీరు ఏం అడగవచ్చు అన్నది చూద్దాం.

ఎంత సమయం పోతోంది?

క్రెడిట్ల పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో వారానికి ఒక గంట పాఠం. నాలుగు క్రెడిట్ల పేపర్‌కు 15 వారాల సెమిస్టర్‌లో 60 గంటలు. అందులో సగం సమయం నోట్సు చెప్పడానికి పోయిందనుకుందాం. ఒక్క పేపర్‌లోనే 30 గంటలు పోయినట్టు. క్లాసులో 40 మంది ఉంటే, అందరి సమయం కలిపి 1,200 గంటలు.

నోట్సు రాయించడం తప్పు పని అని కాదు. పుస్తకాలు దొరకని రోజుల్లో అది అవసరం. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి డిగ్రీలో ఇంగ్లిష్ మీడియంలోకి వచ్చిన విద్యార్థికి లెక్చరర్ సరళంగా రాయించిన నోట్సే ఆసరా. అయితే ఇప్పుడు అదే నోట్సును ముందురోజు సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పంపవచ్చు, జిరాక్స్ తీసి ఇవ్వవచ్చు. అలా చేస్తే ఆ 30 గంటలు మళ్లీ చేతికొస్తాయి.

'ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్' అంటే ఏమిటి?

మామూలుగా పాఠం క్లాసులో వింటాం, లెక్కలు, ప్రశ్నలు ఇంటి దగ్గర చేసుకుంటాం. ఇబ్బంది ఏమిటంటే, వినడం సులువు, చేయడం కష్టం. కష్టమైన పని దగ్గరికి వచ్చేసరికి పక్కన సార్ ఉండరు, మేడం ఉండరు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న పిల్లలకైతే అడగడానికి మరెవరూ ఉండరు.

ఈ వరుసను తిరగేయడమే ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్. పాఠంలోని మొదటి పరిచయం ఇంటి దగ్గరే జరుగుతుంది. చిన్న వీడియో చూడటమో, రెండు పేజీలు చదవడమో చాలు. క్లాసులో లెక్కలు చేయడం, సందేహాలు తీర్చుకోవడం, చర్చించడం జరుగుతాయి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో జోనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు 2007 ప్రాంతంలో తమ పాఠాలను రికార్డు చేయడం మొదలుపెట్టాక ఈ పద్ధతికి బాగా ప్రచారం వచ్చింది.

ఇది పనిచేస్తుందని ఆధారం ఉందా?

హార్వర్డ్ యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ అనుభవం ఇక్కడ చెప్పుకోవాలి. తన విద్యార్థులు పరీక్షలో కష్టమైన లెక్కలు చేస్తున్నారు. అయినా బలం, చలనం వంటి మౌలిక భావనలపై చాలా సాదాసీదా ప్రశ్నలు అడిగితే తడబడుతున్నారని ఆయన గమనించారు. సూత్రం గుర్తుంది, విషయం అర్థం కాలేదు. దాంతో 1991 నుంచి క్లాసును మార్చారు. కాసేపు చెప్పి, ఒక ప్రశ్న వేసి, పక్కవాళ్లతో వాదించుకోమనడం మొదలుపెట్టారు. దీన్ని పీర్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. తోటివాళ్ల నుంచి నేర్చుకోవడమన్నమాట.

2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్స్, ఇంజినీరింగ్, గణితం కోర్సులపై జరిగిన 225 అధ్యయనాలను కలిపి విశ్లేషించింది. కేవలం ఉపన్యాసం వినే క్లాసుల్లో సగటున 33.8 శాతం మంది ఫెయిలైతే, విద్యార్థులు ఏదో ఒక పని చేస్తూ నేర్చుకునే క్లాసుల్లో అది 21.8 శాతం. పరీక్ష మార్కులు కూడా సుమారు 6 శాతం మెరుగయ్యాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా ఉంది. 2019లో హార్వర్డ్‌లోనే జరిగిన మరో అధ్యయనంలో, ఇలాంటి క్లాసులో కూర్చున్న విద్యార్థులు పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. కానీ అడిగితే మాత్రం తక్కువ నేర్చుకున్నట్టు అనిపించిందని చెప్పారు. చక్కగా సాగే ఉపన్యాసం వింటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. సొంతంగా తంటాలు పడితే ఏమీ రానట్టు ఉంటుంది. కాబట్టి మీ లెక్చరర్ పద్ధతి మారిస్తే మొదటి రెండు వారాల్లోనే "సార్ పాఠం చెప్పడం లేదు" అనే నిర్ణయానికి రాకండి.

మన దగ్గర ఇది కొత్తా?

పేరు కొత్త, ఆలోచన పాతది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన రాష్ట్రంలోనే పుట్టింది. 1982 ఆగస్టు 26న నాగార్జునసాగర్‌లో అప్పటి రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. నిజామాబాద్ గిరిరాజ్ ప్రభుత్వ కళాశాలలోనూ దీని అధ్యయన కేంద్రం ఉంది. ఇక్కడ చేరినవారు తెలుగులో ఉన్న పాఠ్యపుస్తకాన్ని ఇంటి దగ్గర చదువుకుని, సెలవు రోజున అధ్యయన కేంద్రానికి వచ్చి సందేహాలు తీర్చుకుంటారు. పొలం పని, ఉద్యోగం, ఇంటి పని వదల్లేని వాళ్లకు దొరికేది ఆ కొద్ది గంటలే. అందుకే వాటి విలువ వాళ్లకు బాగా తెలుసు.

టీవీ పాఠాలూ కొత్త కాదు. 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు కార్యక్రమాలు పంపిన 'సైట్' ప్రయోగం ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1984 ఆగస్టు 15న యూజీసీ దూరదర్శన్‌లో కాలేజీ విద్యార్థుల కోసం పాఠాల ప్రసారం మొదలుపెట్టింది. తెలంగాణలో ఇప్పుడు ఆ పని టీ-శాట్ చేస్తోంది.

కరోనా కాలంలో ఈ ప్రసారాల బలం, బలహీనత రెండూ తెలిశాయి. 2020 సెప్టెంబరు 1న స్కూలు, ఇంటర్ విద్యార్థులకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. టీవీ ఉన్న ప్రతి ఇంటికీ పాఠం చేరింది. కానీ టీవీని ప్రశ్న అడగలేం. "ఇక్కడ ఆగండి, ఇది అర్థం కాలేదు" అనడానికి మనిషి కావాలి.

బాసర చెప్పే పాఠం ఏమిటి?

నిజామాబాద్ జిల్లా వాళ్లకు దగ్గరి ఉదాహరణ గోదావరి అవతల ఉంది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ఆర్జీయూకేటీ క్యాంపస్‌లు మొదలయ్యాయి. మనం ట్రిపుల్ ఐటీలుగా పిలుచుకునేవి ఇవే. కంప్యూటర్ రంగంలో నోబెల్‌తో సమానంగా చెప్పుకునే ట్యూరింగ్ అవార్డును 1994లో అందుకున్న రాజ్‌రెడ్డి తొలి చాన్సలర్. పదో తరగతి పూర్తయిన పల్లె పిల్లలకు ఆరేళ్ల చదువు, ప్రతి విద్యార్థి చేతికి ల్యాప్‌టాప్, తెర మీద పాఠం, గదిలో సహాయం చేసే మెంటార్లు. ఇదీ తొలినాళ్ల నమూనా.

ఆలోచనలో లోపం లేదు. అదే బాసరలో 2022 జూన్‌లో విద్యార్థులు రోజుల తరబడి నిరసనకు కూర్చున్నారు. వాళ్ల డిమాండ్లలో రెగ్యులర్ వీసీ నియామకం ఉంది, ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి, కనీస వసతులు ఉన్నాయి. టెక్నాలజీ పేరుతో మొదలైన సంస్థలో కూడా చివరికి పిల్లలు అడిగినవాటిలో పూర్తికాలం బాధ్యత తీసుకునే మనిషి ఒకటి. పరికరం కొనడం ఒక్కసారి పెట్టే ఖర్చు. దాన్ని నడిపించే మనుషులు ప్రతి ఏడాదీ కావాలి.

మరి 50 నిమిషాల క్లాసులో ఏం చేయాలి?

ఈ ప్రాంతం ఉదాహరణే తీసుకుందాం. బీకామ్ లేదా బీఏ ఎకనామిక్స్ క్లాసులో 'స్థిర వ్యయం' పాఠం. ముందురోజు లెక్చరర్ ఆరేడు నిమిషాల వీడియో లేదా ఒక పేజీ నోట్సు పంపారు. మరుసటి రోజు క్లాసులో బోర్డు మీద ఈ ప్రశ్న రాశారు:

ఒక చక్కెర ఫ్యాక్టరీకి ఈ సీజన్‌లో వచ్చే చెరకు సగానికి పడిపోయింది. యంత్రాలు, భవనాలు, వాటి అప్పు మీద వడ్డీ మాత్రం మారలేదు. క్వింటాలు చక్కెరకు పడే స్థిర వ్యయం ఏమవుతుంది? ఒకటి, సగమవుతుంది. రెండు, మారదు. మూడు, రెట్టింపవుతుంది.

'స్థిర' అనే మాట చూసి చాలామంది "మారదు" అనే అంటారు. మొత్తం స్థిర వ్యయం మారదు, నిజమే. కానీ దాన్ని పంచుకునే క్వింటాళ్లు సగమయ్యాయి, కాబట్టి ఒక్కో క్వింటాలు మీద పడేది రెట్టింపవుతుంది. సరైన జవాబు మూడు. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ గేటు 2015 డిసెంబరులో మూతపడటం చూసిన ఊళ్ల పిల్లలకు ఇది పుస్తకంలో లెక్క మాత్రమే కాదు. చెరకు తగ్గితే ఫ్యాక్టరీకి ఏమవుతుంది, ఫ్యాక్టరీ ఆగితే చెరకు రైతుకు ఏమవుతుంది అన్న చర్చ తానే మొదలవుతుంది.

ఈ ప్రశ్నను నడిపే తీరు ఇలా ఉంటుంది. ముందు ఎవరితోనూ మాట్లాడకుండా ఒక్క నిమిషం ఆలోచించాలి. తర్వాత అందరూ ఒకేసారి గుండెల దగ్గర వేళ్లు చూపించాలి. ఒకటో జవాబుకు ఒక వేలు, రెండోదానికి రెండు. దీనికి యాప్ అక్కర్లేదు, క్లిక్కర్ అక్కర్లేదు. సరైన జవాబు 70 శాతం కంటే ఎక్కువ మంది చెబితే ముందుకు వెళ్లవచ్చు. 30 శాతం కంటే తక్కువైతే లెక్చరర్ మళ్లీ వివరించాలి. మధ్యలో ఉంటే పక్కవాళ్లతో రెండు మూడు నిమిషాలు వాదించుకుని మళ్లీ వేళ్లు చూపించాలి. మజూర్ పద్ధతిలో పాటించే లెక్క ఇదే. మొన్ననే అర్థం చేసుకున్న తోటి విద్యార్థికి ఎక్కడ తడబాటు వస్తుందో బాగా గుర్తుంటుంది. అందుకే ఆ వివరణ చాలాసార్లు సూటిగా తగులుతుంది.

ఒక గంటలో ఇలాంటి ప్రశ్నలు రెండు మూడు పడతాయి. చివరి ఐదు నిమిషాల్లో ఇవాళ అర్థమైనది ఒకటి, అర్థం కానిది ఒకటి చీటీ మీద రాసి ఇస్తే, మర్నాటి క్లాసు ఎక్కడ మొదలుపెట్టాలో లెక్చరర్‌కు తెలుస్తుంది.

ఉచితంగా దొరికే సేవలు ఏమిటి?

*టీ-శాట్:* తెలంగాణ ప్రభుత్వ ఛానళ్లు. విద్య, నిపుణ అని రెండు ఉన్నాయి. టీవీతో పాటు మొబైల్ యాప్‌లోనూ, యూట్యూబ్‌లోనూ చూడవచ్చు. పాఠాలతో పాటు పోటీ పరీక్షల శిక్షణ కూడా తెలుగులో దొరుకుతుంది.

*స్వయం:* కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక. 2017 జులై 9న ప్రారంభమైంది. ఒక్కో కోర్సులో నాలుగు భాగాలు ఉంటాయి: వీడియో పాఠం, చదువుకునే పాఠ్యం, స్వీయ పరీక్ష, సందేహాలు అడిగే చర్చావేదిక. నెట్ సరిగా రాని చోట స్వయంప్రభ డీటీహెచ్ ఛానళ్లు చూడవచ్చు.

*ఎన్‌పీటెల్:* ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టినది. ఇంజినీరింగ్ ఎక్కువ, సైన్స్, మేనేజ్‌మెంట్, హ్యుమానిటీస్ కూడా ఉన్నాయి. కొన్ని కోర్సుల పాఠ్యానికి తెలుగు అనువాదం దొరుకుతుంది. పాఠం ఇంగ్లిష్‌లో విని, తెలుగులో చదివి సరిచూసుకోవచ్చు.

*వర్చువల్ ల్యాబ్స్, ఫెట్:* ల్యాబ్‌లో పరికరం తక్కువగా ఉన్నప్పుడు, ప్రయోగానికి ముందు తెర మీద ఒకసారి చేసి చూసుకోవడానికి పనికొస్తాయి. మొదటిది కేంద్ర ప్రభుత్వ పథకంలో ఐఐటీలు, ఇతర సంస్థలు తయారు చేసినది. రెండోది కొలరాడో యూనివర్సిటీది, అందులో చాలా ప్రయోగాలు తెలుగులోనూ ఉన్నాయి. అయితే తెర మీద చేసింది అసలు ప్రయోగానికి బదులు కాదు.

*నేషనల్ డిజిటల్ లైబ్రరీ:* ఐఐటీ ఖరగ్‌పుర్ నిర్వహిస్తోంది. పుస్తకాలు, పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు ఒకేచోట వెతకవచ్చు.

ఈ కోర్సులకు క్రెడిట్లు వస్తాయా?

వస్తాయి. కానీ దానంతట అదే రాదు. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం, ఒక సెమిస్టర్‌లో ఒక ప్రోగ్రామ్‌కు ఉండే కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చేయడానికి విద్యాసంస్థలు అనుమతించవచ్చు. 'అనుమతించవచ్చు' అన్న మాట గమనించండి. ఏ కోర్సుకు ఎన్ని క్రెడిట్లు ఇస్తారో మీ యూనివర్సిటీ లేదా అటానమస్ కాలేజీ ముందే నిర్ణయించాలి. కోర్సు పూర్తి చేసి సర్టిఫికెట్ పట్టుకుని వెళ్తే అప్పుడు ఇస్తారనుకోవద్దు. చేరకముందే కాలేజీలో అడగండి.

ఎన్‌పీటెల్‌లో పాఠాలు వినడానికి, అసైన్‌మెంట్లు చేయడానికి డబ్బు కట్టనక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు ఉంటుంది. పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు, కేంద్రానికి వెళ్లి రాయాలి. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రావాలి. రెండింటిలో ఏది తగ్గినా రాదు. ఫీజు కట్టే ముందు మీకు దగ్గరగా పరీక్ష కేంద్రం ఉందో లేదో, మీ కాలేజీలో ఎన్‌పీటెల్ లోకల్ చాప్టర్ ఉందో లేదో చూసుకోండి.

ఫోన్ లేకపోతే? డేటా అయిపోతే?

ఫ్లిప్డ్ పద్ధతిలో పెద్ద ప్రమాదం ఇక్కడే ఉంది. "వీడియో పంపాను, చూసి రాలేదేం?" అనడం సులువు. ఇంట్లో ఒకే ఫోన్ ఉండి అది నాన్న జేబులోనో, అన్న చేతిలోనో ఉంటే ఆడపిల్ల ఏం చూస్తుంది? కాలేజీ నుంచి వచ్చాక వంటపని, నాట్ల సమయంలో పొలం పని చేసే విద్యార్థికి గంట వీడియో చూసే తీరిక ఎక్కడిది?

అందుకే మంచి కాలేజీ నాలుగు జాగ్రత్తలు తీసుకుంటుంది. వీడియో చిన్నదిగా ఉండాలి. 2014లో ఎడెక్స్ వేదికపై 69 లక్షల వీక్షణలను పరిశీలించినప్పుడు, ఆరు నిమిషాల లోపు వీడియోలనే విద్యార్థులు శ్రద్ధగా చూస్తున్నారని తేలింది. వీడియోతో పాటు అదే విషయం ఒకటి రెండు పేజీల కాగితంగానూ ఉండాలి. బస్సులో చదవడానికి ఛార్జింగ్ అవసరం లేనిది కాగితమే. కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌ను రోజూ ఒక గంట పాఠాలు చూడటానికి, డౌన్‌లోడ్ చేసుకోవడానికి తెరిచి ఉంచాలి. ఇక చివరిది, క్లాసులో మొదటి ఐదు నిమిషాలు చూడలేకపోయిన వాళ్లకు కేటాయించాలి. అది శిక్షలా ఉండకూడదు.

లెక్చరర్ల ఇబ్బంది ఏమిటి?

ఇలా బోధించాలంటే ముందు తయారీకి ఎక్కువ సమయం పడుతుంది. ఒక మంచి ప్రశ్న తయారు చేయడం అరగంట నోట్సు చదవడం కంటే కష్టం. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో చాలా క్లాసులు నడిపేది గెస్ట్ లెక్చరర్లు. వాళ్లకు పీరియడ్ లెక్కన డబ్బు ఇస్తారు. ఇంటి దగ్గర ప్రశ్నలు తయారు చేసుకున్న సమయం ఆ లెక్కలోకి రాదు. పద్ధతి మారాలని ఆశించేవాళ్లు ఈ విషయం మరచిపోకూడదు.

భారం తగ్గించే దారులు ఉన్నాయి. అన్ని వీడియోలూ సొంతంగా తీయనక్కర్లేదు, టీ-శాట్‌లోనో స్వయంలోనో ఉన్నదాంట్లో ఏ ముక్క చూడాలో చెబితే చాలు. సెమిస్టర్ మొత్తం ఒకేసారి మార్చనక్కర్లేదు, విద్యార్థులు ఏటా తడబడే మూడు నాలుగు పాఠాలతో మొదలుపెట్టవచ్చు. ఒకే సబ్జెక్టు చెప్పే బోధన్, బాన్సువాడ, నిజామాబాద్ లెక్చరర్లు ప్రశ్నలు పంచుకుంటే ఒక్కొక్కరి పని మూడో వంతవుతుంది. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల విద్యార్థుల కోసం కళాశాల విద్యాశాఖ నిర్వహించే 'జిజ్ఞాస' స్టడీ ప్రాజెక్టులు కూడా ఇలాంటి పనికే. స్థానిక సమస్యను తీసుకుని విద్యార్థులే వివరాలు సేకరించి విశ్లేషిస్తారు.

ఏఐ చాట్‌బాట్ ఉంది కదా, ఇంకా ఇదంతా ఎందుకు?

అర్థం కాని పేరాను తేలిక తెలుగులో చెప్పమనడానికి, మీకు మీరే ప్రశ్నలు వేయించుకోవడానికి చాట్‌బాట్ పనికొస్తుంది. ఒక్కోసారి తప్పును కూడా నమ్మకంగా చెబుతుంది, కాబట్టి పుస్తకంతో సరిచూసుకోవాలి. అసైన్‌మెంట్ మొత్తం దానితో రాయిస్తే మార్కులు రావచ్చు, చదువు రాదు. ఇంటి నుంచి రాసి తెచ్చే పని మీద నమ్మకం తగ్గే కొద్దీ, లెక్చరర్ ముందు కూర్చుని ఆలోచించి రాసే క్లాసు గంట విలువ పెరుగుతుంది.

విద్యార్థిగా మీరు ఈ వారం ఏం చేయవచ్చు?

మీ కాలేజీ ఏదీ మార్చకపోయినా, మీ వరకు మీరు వరుస తిరగేయవచ్చు. రేపటి పాఠం పేరు ఇవాళే అడిగి తెలుసుకోండి. సాయంత్రం పది నిమిషాలు దాని మీద పెట్టి, అర్థం కాని ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకోండి. క్లాసులో అడగడానికి మొహమాటమైతే, క్లాసు అయ్యాక అడగండి.

చదివినదాన్నే మళ్లీ మళ్లీ చదవడం కంటే, పుస్తకం మూసి గుర్తున్నది రాయడం మంచిది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివినవాళ్లకు వారం తర్వాత 40 శాతం గుర్తుంది. ఒకసారి చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకున్నవాళ్లకు 61 శాతం గుర్తుంది. తిరుగు ప్రయాణంలో బస్సులో సీటు దొరికితే, ఆ రోజు చెప్పిన మూడు విషయాలు మనసులో చెప్పుకోండి. ఖర్చు లేదు, డేటా అక్కర్లేదు.

కాలేజీని ఏం అడగాలి? ఎవరిని అడగాలి?

మీరు విద్యార్థి అయినా, తల్లి లేదా తండ్రి అయినా ఈ మూడు ప్రశ్నలు మర్యాదగా అడగవచ్చు. నోట్సు ముందుగా ఇచ్చే ఏర్పాటు ఉందా? కంప్యూటర్ ల్యాబ్ విద్యార్థులకు ఏ సమయంలో తెరిచి ఉంటుంది? స్వయం కోర్సులకు క్రెడిట్లు ఇస్తారా, ఇస్తే వాటిని చూసే కోఆర్డినేటర్ ఎవరు?

ముందు సంబంధిత లెక్చరర్‌తో, తర్వాత విభాగాధిపతి, ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. కాలేజీలో నాణ్యతా విభాగం, అంటే ఐక్యూఏసీ ఉంటే, అది విద్యార్థుల అభిప్రాయాలు సేకరిస్తుంది. నాక్ గుర్తింపు ప్రక్రియలో విద్యార్థుల సంతృప్తి సర్వే కూడా భాగం. ఆ ఫారంలో అన్నింటికీ ఒకేలా టిక్ పెట్టి వదిలేయకుండా, క్లాసు సమయం ఎలా గడుస్తోందో రాయండి.

క్లాసులే జరగకపోవడం, చెప్పిన వసతులు ఇవ్వకపోవడం వంటి సమస్య ఉండి, మాట్లాడినా పరిష్కారం కాకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పని దినాల్లో అది నివేదిక ఇవ్వాలి. దాంతో తృప్తి చెందకపోతే యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఫిర్యాదు నకలు, తేదీ దగ్గర పెట్టుకోండి.

వీడియోను రాత్రి ఎనిమిదింటికైనా చూడవచ్చు, అర్థం కాకపోతే వెనక్కి తిప్పి చూడవచ్చు. లెక్చరర్, నలభై మంది విద్యార్థులు ఒకే గదిలో ఉండే గంటను మాత్రం వెనక్కి తిప్పలేం. మోస్రాలో పొద్దున్నే బస్సెక్కే విద్యార్థి వెళ్లేది ఆ గంట కోసమే.